అరువు నెమరు

“నేను రానంటే రాను. ఆ డాక్టరమ్మకి ఫోన్ చేసి ముసలిది పోయిందని చెప్పండి. ఆవిడకీ ఓ పని తగ్గుతుంది.”

బాత్‌రూమ్‌లో గడియ పెట్టుకుని మా అత్తగారు సీట్స్కె అంటున్న మాటలివి. తలుపు బయట మేం ముగ్గురం. పాలు పితికి వచ్చి ఇంకా బూట్లు కూడా విప్పని మా ఆయన వీబె, పొద్దున్నే వుడ్‌స్టాక్ నుంచి కారేసుకొచ్చిన ఆడపడుచు హెన్నీ, చేతిలో బార్లీ జావ గిన్నెతో నేను. ఆవిడకి మెల్లగా నచ్చచెబుదామని ఫోన్లో అనుకున్నాం. హెన్నీ కోటు విప్పకముందే విషయమంతా కక్కేసింది. నా ఆడపడుచు నోట్లో ఆవగింజ నానదు.

“అమ్మా, పూర్తిగా వినకుండా లోపలికి పోతే ఎలాగే?” అంది హెన్నీ.

“విన్నాను. నా చెవులు బాగానే ఉన్నాయి, చెడింది కడుపు. డెబ్బై తొమ్మిదేళ్ళు బతికి ఆఖరికి ఇంకొకళ్ళ పెంట తినాలా నేను?”

“తినడం కాదమ్మా. కింద నుంచి గొట్టం పెట్టి ఎక్కిస్తారు.”

“ఏ గుమ్మంలోంచి వస్తేనేం, వచ్చేది పెంటే కదా.”

వీబె నవ్వాపుకోలేక గోడకేసి తిరిగాడు. హెన్నీ అన్నకేసి గుడ్లురిమి చూసింది.

నవ్వే విషయం కాదని ముగ్గురికీ తెలుసు. వేసవి మొదట్లో పన్ను వాచి ఆవిడ మందుబిళ్ళలు మింగింది. పన్ను నయమైంది, కడుపు పోయింది. పేగుల్లో ఉండాల్సిన మంచి క్రిముల్ని కూడా ఆ బిళ్ళలు ఊడ్చేశాయట. ఖాళీ ఇంట్లో దొంగ దూరినట్టు ఒక చెడ్డ క్రిమి అక్కడ పాగా వేసింది. మందిస్తే అణుగుతుంది, మందు ఆపగానే లేస్తుంది. మూడుసార్లు అలాగే అయింది. నిండు పాలడబ్బాలు రెండు చేతులా మోసిన మనిషి, ఇప్పుడు కుర్చీలోంచి లేవాలంటే బల్ల అంచు పట్టుకుంటోంది.

ఇంకోసారి ముదిరితే పెద్దపేగు కోసి తీసెయ్యాల్సి వస్తుందనీ, ఆ ఒంటితో ఆవిడ కోత తట్టుకోలేదనీ డాక్టర్ మెక్‌కిల్లప్ మమ్మల్ని వరండాలోకి పిలిచి చెప్పింది. మిగిలిన దారి ఒక్కటే. ఆరోగ్యంగా ఉన్న మనిషి మలం తీసి, ఉప్పునీళ్ళలో కలిపి, వడగట్టి, రోగి పేగులోకి ఎక్కించడం. అందులోని మంచి క్రిములు అక్కడ కాపురం పెడితే చెడ్డదానికి చోటుండదు. అలా చేయించుకుని లేచి తిరుగుతున్నవాళ్ళు హామిల్టన్‌లోనే ఉన్నారంది.

ఇచ్చేది ఇంట్లోవాళ్ళైతే మంచిదని కూడా అంది. హెన్నీకి చిన్నప్పటినుంచీ పేగు జబ్బు, ఆమెని మొదటే పక్కన పెట్టారు. వీబెకీ నాకూ పరీక్షలు చేశారు. ఇద్దరివీ బాగున్నాయనీ, రేపు పొద్దున తాజాగా తీసుకుని రోగిని వెంటబెట్టుకుని రమ్మనీ నిన్న కబురొచ్చింది.

“దేంట్లో కలుపుతారట?” లోపలి గొంతు అడిగింది.

“మిక్సీలో,” అన్నాడు వీబె.

“నా మిక్సీ ముట్టుకున్నారో, చేతులు విరగ్గొడతా.”

“ఆసుపత్రిలో వాళ్ళ మిక్సీ వాళ్ళకుంటుందమ్మా.”

“ఉంటే మాత్రం. మధ్యాహ్నం దాంట్లోనే సూప్ చెయ్యరని ఏంటి నమ్మకం?”

హెన్నీకి ఓపిక చచ్చిపోయింది. తలుపు మీద అరచేత్తో చరిచింది. “చస్తానంటే చావనిస్తామనుకుంటున్నావా? అన్నయ్యా, నువ్వేం మాట్లాడవేం? గొళ్ళెం విప్పదీసి ఈడ్చుకురా.”

“నువ్వు ఈడ్చు. నేను చిన్నప్పుడు చేసి చూశా. ఇంకా వీపు మీద గుర్తుంది.”

“నీకు అన్నీ వేళాకోళమే. పన్ను వాచిన రోజే నగరానికి తీసుకెళ్ళి ఉంటే ఇంతదాకా వచ్చేదా? ఆవు దగ్గితే రాత్రంతా కాపలా కాస్తావు, అమ్మకి మాత్రం రెండు బిళ్ళలు మింగించి గడ్డి కోతకి పోయావు.”

 వీబె టోపీ తీసి చేతుల్లో తిప్పుతూ నిలబడ్డాడు. లోపల కుళాయి కాసేపు పారి ఆగింది. జావ చల్లారిపోతోంది.

నాకు మా మామగారు డౌవె గుర్తొచ్చాడు.

ఈ ఇంటికి నేను కోడలిగా వచ్చిన మొదటి వసంతం అది. నేను ఇంగర్‌సోల్‌లో రొట్టెల కొట్టువాడి కూతుర్ని. ఆవుని అంతకుముందు దగ్గరగా చూసింది పాలసీసా మీది బొమ్మలోనే. అందులోనూ మావాళ్ళది హాలండు, వీళ్ళది దాని పక్కనే వేరే భాష మాట్లాడే ఫ్రీస్‌లాండు. అందరూ ఓడెక్కి ఈ దేశం వచ్చినవాళ్ళే, ఆదివారం కూర్చునేది ఒకే చర్చి బల్లల మీదే, అయినా నా చెవిన పడకూడని మాట ఉంటే అత్తగారు చటుక్కున వాళ్ళ భాషలోకి దిగిపోయేది. కోడలు వంటింట్లో అడుగుపెట్టగానే మారిపోయే మాటలు ఏ భాషవైనా ఒకేలా గుచ్చుకుంటాయి.

ఆ రోజుల్లో పియెట్యె అనే ఆవు ఈని జబ్బుపడింది. పశువుల డాక్టరు ఏదో తాగించి వెళ్ళాక జ్వరం తగ్గింది గానీ నెమరు వెయ్యడం మానేసింది. గడ్డి ముందు నిలబడి ఊరికే చూసేది. “నెమరు ఆగిన ఆవు నిలబడే చస్తుంది,” అన్నాడు మామగారు. సాయంత్రం అత్తగారు ఇంకో ఆవు మూతి పట్టుకుంది. ఆయన చొక్కా చెయ్యి భుజందాకా మడిచి దాని పక్కన నిలబడి కంఠం కేసి చూస్తున్నాడు. నెమరు ముద్ద గొంతులోంచి పైకెక్కడం చర్మం మీద తెలుస్తుంది. అది నోట్లోకి వచ్చీరాగానే ఆయన పళ్ళ సందులోంచి చెయ్యి దూర్చి, పచ్చగా కారుతున్న ఆ ముద్దని లాక్కుని, కొట్టం ఆ చివరికి పరిగెత్తి, పియెట్యె నాలుక మొదట్లో కుక్కి, మింగేదాకా దాని మూతి పైకెత్తి పట్టుకున్నాడు.

నేను పేడకాలవలోకి కక్కుకున్నాను.

అత్తగారు నవ్వింది. నేను వచ్చాక ఆవిడ నవ్వడం అదే మొదలు. “మీ ఇంట్లో రొట్టె పొంగడానికి పాతపిండి ముద్ద కొత్తపిండిలో కలపరా ఏం? ఇదీ అదే. రొట్టెలవాడి కూతురివి, నీకు నేను చెప్పాలా?” అని కొంగు లేని ఆ మనిషి తన ఏప్రను అంచుతోనే నా మూతి తుడిచింది. మర్నాడు పొద్దున పియెట్యె దవడలు కదులుతున్నాయి. పని మానుకుని అందరం నిలబడి ఒక ఆవు నమలడం చూశాం. మామగారు జేబులోంచి పిప్పరమెంటు బిళ్ళలు తీసి తలా ఒకటి పంచాడు. చర్చిలో ప్రసంగం సాగినప్పుడు తప్ప ఆయన జేబులోంచి బిళ్ళ తియ్యడం నేనెప్పుడూ చూడలేదు.

ఆ కొట్టం ఇప్పుడు లేదు. రాతిగోడల మధ్య, చలికాలంలో ఆవుల ఊపిరితోనే వెచ్చగా ఉండేది. కొత్త రేకుల షెడ్డులో మూడింతల ఆవులున్నాయి, చెవులకి అంకెలున్నాయి, పేర్లు లేవు. నాకు ఆ పాత కొట్టం మీద ఇంత బెంగ ఉందని ఎవరికీ చెప్పలేదు. మొదట్లో నన్ను ఏడిపించింది కూడా అదే మరి.

తలుపు దగ్గరికి వంగాను. “అత్తయ్యా, క్లాస్కె నోట్లోంచి నెమరు తీసి మామయ్య పియెట్యెకి పెట్టాడు, గుర్తుందా?”



“క్లాస్కె కాదు,” అంది లోపలినుంచి. “దాని తల్లి. క్లాస్కె అప్పటికింకా పెయ్య.”

“మూతి పట్టుకుంది మీరే కదా.”

“నేను కాక ఇంకెవరు పడతారు? నువ్వు కాలవలో కక్కుతున్నావుగా.”

హెన్నీ నోరు తెరవబోయింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

“ఎవరి నెమరు కావాలే అని పియెట్యెని అడిగారా మీరు?”

“ఆవుకేం తెలుస్తుంది?”

“తెలియలేదు కాబట్టే బతికింది.”

  కాసేపటికి గడియ తీసిన చప్పుడైంది. నీలం గౌనులో ఆవిడ బయటికొచ్చింది. ఆ గౌను నిరుడు క్రిస్మస్‌కి ఒంటికి బిగువుగా ఉండేది. నేను చెయ్యి అందించాను. ఆవిడ నా చెయ్యి కాదని గుమ్మం పట్టుకుని, గోడ పట్టుకుని, వంటింటి బల్లదాకా వెళ్ళి కూర్చుంది.

“మీ నాన్న ఏ ఆవుని పడితే ఆ ఆవుని పట్టేవాడు కాదు,” అంది వీబెతో. “కన్ను చూసేవాడు. చర్మం చూసేవాడు. పేడ చూసేవాడు. కొనుక్కొచ్చిన ఆవు నోట్లో చెయ్యి పెట్టి ఎరగడు. మన మందలో పుట్టిందే కావాలనేవాడు.”

“అయితే ఒప్పుకున్నట్టేనా?” అన్నాడు వీబె.

“నీదైతే సరే. నా కడుపున పుట్టినవాడివి. నాలోంచి వచ్చిందే మళ్ళీ నాలోకి వస్తుంది.”

“వదినది కూడా బాగుందన్నారమ్మా,” అంది హెన్నీ. “డాక్టరమ్మ ఎవరిదైనా...”

“రీకాది వద్దు.”

“ఎందుకట?”

“ఎందుకంటే ఏం చెప్పను. అది కొన్న ఆవు.”

ఆ మాటలో కసి కూడా లేదు. ఈ ఏడు గడ్డి బాగా పండలేదు అన్నంత మామూలుగా అంది. నేను జావ గిన్నె ఆవిడ ముందు పెట్టి చెంచా అందించాను.  ఈ వేసవంతా ఆవిడ దుప్పట్లు బ్లీచింగ్ నీళ్ళలో ఉతికి ఉతికి నా వేళ్ళ చర్మం ఊడింది. ముప్ఫై ఏళ్ళ పైచిలుకు ఈ ఇంట్లో ఉడికిన ప్రతి బంగాళాదుంపా నా చేతి మీదుగా వెళ్ళిందే. అయినా నోరు మూసుకున్నాను. ఆవిడ వస్తానంది, అది చాలనుకున్నాను.

సాయంత్రం పాలవేళకి హెన్నీని అత్తగారి దగ్గర ఉంచి నేను షెడ్డుకి వెళ్ళాను. వీబె ఒక ఆవు వెనక్కాలికి ఎర్రపట్టీ కడుతున్నాడు. దానికి పొదుగువాపు. మందు పడిన ఆవుకి పట్టీ కట్టాలి, అది విప్పేదాకా దాని పాలు పెద్ద ట్యాంకులో కలవకూడదు. బకెట్టులోకి వేరే పితికి కాలవలో పొయ్యాల్సిందే. ఒక్క ఆవు పాలు పొరపాటున కలిసినా ఊళ్ళోవాళ్ళ పాలతో సహా లారీ అంతా పారబోస్తారు. మా ఇంటి పాలు అలా పారబోయించిన రోజు లేదని వీబెకి గొప్ప.

పొద్దుటి సంగతితో బరువు దిగి, ఈల వేస్తున్నాడు.

“కొన్న ఆవా, ఆ తాడు ఇటు అందుకోవే,” అన్నాడు నన్ను చూసి.

“ఇంకోసారి అను. ఈ బకెట్టు నెత్తిన బోర్లిస్తా.”

“అమ్మ మాట నీకు కొత్తా? ఏదోటి అంటుంది, మర్చిపోతుంది.”

“ఆవిడ మర్చిపోతుంది.”

అతను నా మొహంలోకి చూసి మళ్ళీ పట్టీ మీదికి వంగాడు. వంగినప్పుడు ప్యాంటు పైకి జరిగి పిక్క మీది మచ్చ కనబడింది. గడ్డి రెండో కోతప్పుడు మోపుల యంత్రం ఇనుము గీరుకున్న చోటు. కాలు ఊదారంగుకి తిరిగి స్తంభంలా వాచిపోయింది. డాక్టరు దగ్గరికి పద అని నేను మొత్తుకుంటే, కోతయ్యాక చూద్దాం అన్నాడు. కోత అయ్యేసరికి వాపే లేదు.

“అంత పుండు ఎంత తొందరగా మానిపోయిందో,” అన్నాను.

“మానదా మరి. మందు పడిందిగా.”

“ఏం మందు? నువ్వు డాక్టరు గుమ్మమే తొక్కలేదు.”

అతను ఆవుకి వెయ్యడానికి పెన్సిలిన్ సీసా బోర్లించి సిరంజిలోకి లాగుతున్నాడు. చెయ్యి అలాగే ఆగింది. సీసాకేసి అతను చూశాడు, నేనూ చూశాను. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది.

“వీబె.”

“మూడు పూటలే వేసుకున్నా.”

“ఆవుల మందా?”

“ఇక్కడ వేసుకోనివాడెవడు? నాన్న వేసుకునేవాడు. పక్కింటి యెల్లెకీ వాడి కుక్కకీ ఒకటే సీసా.”

“నర్సు అడిగింది కదా. మూడు నెలల్లో యాంటిబయాటిక్ వాడారా అని నా ముందే అడిగింది.”

“అడిగింది. నాకు బిళ్ళలే గుర్తొచ్చాయి. డాక్టరు రాసిచ్చేవి. ఇది... ఇది షెడ్డు ఫ్రిజ్‌లో ఉండేది కదా. మందు కింద తట్టలేదు రీకా. ఒట్టు.”

అతను అబద్ధం చెప్పడం లేదని నాకు తెలుసు. అబద్ధం చెబితే అతని చెవులు ఎర్రబడతాయి, ఇప్పుడు మొహం తెల్లబడింది. ఈ చుట్టుపక్కల ఏ షెడ్డులో అడిగినా ఇదే జవాబు వస్తుంది. ఆవుకి వేసే సూది తమకి వేసుకోవడం వీళ్ళకి తలకి నూనె రాసుకున్నంత మామూలు. తల్లి పేగుల్ని ఊడ్చేసినలాంటి మందే కొడుకు పేగుల్లోనూ తిరిగిందని, ఆ పేగుల్లోంచే రేపు తల్లికి మంచి క్రిములు పోయబోతున్నామని, నలుగురిలో ఒక్కరికీ తట్టలేదు.

“ఆవుకి పట్టీ కడతావు. నీకెవరు కట్టాలి?” అన్నాను.

“ఎప్పుడో రెండో కోతనాటి మాట అది.”

“ఎప్పుడో ఏంటి? మూడో కోత ఇంకా కాలేదు, రెండు నెలలైనా నిండలేదు.”

“పరీక్షలో బాగానే ఉందన్నారుగా.”

“రోగాలు లేవన్నారు. మంచివి ఎన్ని మిగిలాయో ఎవరు లెక్కపెట్టారు?”

సిరంజి పక్కన పెట్టి అతను ఆవు వీపు మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు. “చెబితే ఏమవుతుందో ఆలోచించు. అమ్మ మళ్ళీ గడియ పెట్టుకుంటుంది. నీది వద్దంది, విన్నావుగా. నాది సగం పనిచేసినా, అసలేమీ లేనిదానికంటే నయం కదా?”

“పనిచెయ్యకపోతే? ఇంకోసారి తట్టుకునే ఒళ్ళా అది?”

“రీకా, రేపటిదాకా నోరు మెదపకు. నిన్ను నేనెప్పుడూ ఏమీ అడగలేదు.”

అతను బకెట్టు ఎత్తి ఎర్రపట్టీ ఆవు పాలు కాలవలో పోశాడు. ఈసారి ఈల లేదు.

ఇంటికి నడుస్తుంటే నాకు వీబె మీద కంటే నా మీద నాకే కోపమొచ్చింది. నిజం చెప్పడానికి నాకు నోరు లేక కాదు. పొద్దున నన్ను కొన్న ఆవు అంది, సాయంత్రానికి నేను వెళ్ళి ‘మీ కొడుకుది పనికిరాదు, నాదే గతి’ అంటే, ఆ మాట ఎలా ఉంటుంది? మనసులో పెట్టుకుని కోడలు కక్ష తీర్చుకుంది అంటారు. హెన్నీ పైకి అనదు, అనుకుంటుంది. అత్తగారు పైకే అంటుంది. ఆవిడ ప్రాణం ఒకవైపు ఉంది, నేను ఇంకా నా పరువు తూచుకుంటున్నాను.

భోజనాల వేళకి అత్తగారి మొహంలో కాస్త కళ వచ్చింది. నిద్రపోయి లేచిందట. పంచదార రొట్టె ముక్క కావాలని అడిగి, అంచు మాత్రం కొరికి, “పరవాలేదు, కొంచెం హాలండు వాసనొస్తోంది,” అంది. అది ఆవిడ మెచ్చుకోలు. హెన్నీ సంతోషం పట్టలేక పాత కబుర్లు తీసింది.

“ఐసు తుఫానప్పుడు కరెంటు పోయింది చూడు అమ్మా, యంత్రాలన్నీ ఆగిపోయి... ఎన్ని ఆవుల్ని పితికావు చేత్తో?”

“చెయ్యి తిరిగినన్ని. మీ నాన్న ఒక వరస, నేనొక వరస. కీర్తన పాడుకుంటూ పితికాం. ఆయన రాగం తప్పితే ఆవు కాలు ఎత్తేది.”

“ఆవుకి కాదు, నీకు కోపమొచ్చి గిల్లేదానివి దాన్ని,” అన్నాడు వీబె.

“చర్చిలోవాళ్ళంతా లాంతర్లు పట్టుకుని వచ్చారు. యెల్లె తండ్రి, పాస్టరుగారు కూడా. ఆయన ఎద్దుదూడ కింద కూర్చున్నాడు పాపం, చీకట్లో.”

అందరం పగలబడి నవ్వాం. “నేనూ ఆ రోజే నేర్చుకున్నాను పితకడం,” అన్నాను.

“నేర్చుకున్నావు. పాలకంటే కన్నీళ్ళు ఎక్కువ పిండావు,” అంది అత్తగారు.

మళ్ళీ నవ్వులు. ఆ కాసేపు ఇల్లు పూర్వంలా ఉంది. బల్ల చివర మామగారి కుర్చీ ఖాళీగా లేనట్టే అనిపించింది. అది ఇంకొంచెంసేపు అలాగే ఉండాలని నేను ఎంత కోరుకున్నానో. వీబె ఒక్కడే నవ్వు మధ్యలో తగ్గించి పళ్ళెంలో దుంపని ముక్కలు ముక్కలు చేస్తున్నాడు.

తిన్నాక బైబిలు తియ్యడం మా ఆనవాయితీ. మామగారు పోయాక చదివేదీ ప్రార్థన చేసేదీ వీబె. నాలుగు వాక్యాలు చదివి మూసి, చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు. మేమూ తలలు వంచాం.

“తండ్రీ, ఈ అన్నానికి వందనాలు. మా అమ్మని రేపు నీ చేతుల్లో...”

ఆగిపోయాడు.  నేను కళ్ళు తెరవలేదు.

“అమ్మా,” అన్నాడు. దేవుడితో మాట్లాడుతున్నవాడు అటు తిరిగి తల్లితో మాట్లాడుతున్నాడు. “నాది పనికిరాదు.”

“ఏది పనికిరాదు?” అంది హెన్నీ.

“కాలికి ఆవుల పెన్సిలిన్ వేసుకున్నా. రెండో కోతప్పుడు. నర్సు అడిగితే తట్టలేదు. తట్టాక రీకాని నోరు మూసుకోమన్నా.”

హెన్నీ కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. “నీకు బుద్ధుందా? రేపు పొద్దున గొట్టం పెట్టేదాకా...”

“కూర్చోవే,” అంది అత్తగారు. కొడుకుని చూసింది. “ఎంత వేసుకున్నావు?”

“దూడకి వేసేంత.”

“మీ నాన్న కూడా అంతే వేసుకునేవాడు. వెధవల్లారా.” ఆ తిట్టు చాలా మెత్తగా వచ్చింది. ఆవిడ రొట్టె ముక్క పళ్ళెంలో పెట్టేసింది.

హెన్నీ హాల్లోకి వెళ్ళి ఆసుపత్రికి ఫోన్ చేసింది. తిరిగొచ్చేసరికి ఎవరం కదల్లేదు. డాక్టరమ్మ మాట సూటిగానే ఉంది. కొడుకుది వద్దు. కోడలిది ఉంది కదా, అది తీసుకుని అనుకున్న వేళకే రండి. పెద్దావిడకి ఆగే ఓపిక లేదు, వాయిదా వేసుకుంటే మళ్ళీ ఇంత మంచి ఘడియ దొరక్కపోవచ్చు.

“వదినా, ఇస్తావుగా?” అంది హెన్నీ.

“నన్నెందుకు అడుగుతావు? పుచ్చుకునేవాళ్ళని అడుగు.”

నా గొంతు నాకే కరుగ్గా వినబడింది. ఒక్క క్షణం సిగ్గేసింది కూడా. అత్తగారు బల్ల మీది దీపాన్ని తన వైపు జరుపుకుంది.

“ఇటు రా రీకా. వెలుతురులోకి.”

వెళ్ళి పక్కన నిలబడ్డాను. వంగమని సైగ చేసింది. ఎముకలు తేలిన వేలితో నా కింది రెప్ప లాగి చూసింది. ఈ కన్నూ, ఆ కన్నూ. చెయ్యి తిప్పి గోళ్ళు చూసింది, ఊడిన చర్మం చూసింది. అక్కడ వేలు కాసేపు ఆగింది. ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను అంత దగ్గరగా చూడటం నేనెరగను. చూస్తే ఇలా ఉంటుందా అనిపించి, ఏడుపొచ్చేలా ఉంది.

“ఒంటికి ఏ జబ్బూ లేదు,” అంది. నా మణికట్టు వదల్లేదు. “నేనంటే నీకు కోపం ఉంది కదా?”

దీపాన్ని ఇంకొంచెం నా మొహం దగ్గరికి జరిపింది.

“ఆ కోపం కూడా వస్తుందా అందులో?”

“ఏం మాటలమ్మా అవి?” అంది హెన్నీ. “క్రిములు వస్తాయి గానీ కోపాలు రావు.”

“నువ్వూరుకో. నేను దాన్ని అడుగుతున్నా.”

లేదత్తయ్యా అంటే అయిపోయేది. ఈ ఇంట్లో ఆ మాట నాకు బాగా అలవాటు. అలసిపోయావా, లేదు. బాధేసిందా, లేదు. ఇప్పుడూ ఒక్కసారి అనేస్తే, ఆవిడ రేపు పొద్దున కారెక్కుతుంది, బతుకుతుంది. వీబె కళ్ళతో అదే బతిమాలుతున్నాడు. కానీ అతని ప్రార్థన సగంలోనే ఉండిపోయింది, మాలో ఎవరం ఇంకా ఆమెన్ అనలేదు. ఆ మధ్యలో అబద్ధం నా నోట రాలేదు.

“ఉందత్తయ్యా,” అన్నాను. “చాలా ఉంది.”

వీబె మొహం కప్పుకున్నాడు. హెన్నీ గుమ్మంలోనే ఉండిపోయింది. అత్తగారు నా చెయ్యి అలాగే పట్టుకుని, రెండో చేత్తో పక్క కుర్చీ లాగింది. అది మామగారు పోయాక ఎవరూ కూర్చోని కుర్చీ. నన్ను అందులో కూర్చోమన్నట్టు చూసి, నేను కూర్చున్నాక అడిగింది.

“ఎప్పటినుంచి?”